కారు హీట్ ఎక్కుతోందా? నీళ్లు పోసి నడిపేసే ముందు ఇవి చూడండి

కూలెంట్, అంటే ఇంజిన్ వేడిని లాగేసే ద్రవం (లోపల తిరిగే నీళ్లు అని నేను రాసినా దీని గురించే), పెట్రోల్ లాంటిది కాదు, బండి తిరిగిన కొద్దీ ఖర్చయిపోవడానికి. పోసినదే లోపల తిరుగుతూ ఉంటుంది. అందుకని బానెట్ కింద ఉండే కూలెంట్ డబ్బాలో లెవెల్ మాటిమాటికీ తగ్గుతోందంటే అది ఎక్కడో బయటికి కారుతోంది, లేదంటే ఇంజిన్ లోపలికి పోతోంది. మూడో దారి లేదు. ఈ ఒక్క మాట నాకు మూడేళ్ల కిందట ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. మా కారులో వారానికి వేలెడు తగ్గేది, షెడ్డుకు తీసుకెళ్తే "ఎండలు కదా సార్, ఆవిరైపోతుంది" అని నింపి పంపేవారు, అలా మూడుసార్లు. ఆ తర్వాత మే నెలలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నాం, వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు, ఏసీ ఫుల్లు మీద ఉంది, రేడియేటర్ (కూలెంట్‌ను గాలికి చల్లబరిచే జాలీ) కింది పైపు క్లిప్పు దగ్గర చీలిపోయింది. నల్లమల మధ్యలో రెండు గంటలు నిలబడ్డాం. రాత్రయితే గేట్లు వేసేసే దారి అది, ఆ టెన్షన్ ఇంకో ఎత్తు. ఆ పైపు ఖరీదు వందల్లోనే. అదే నేను ఇంకో రెండు కిలోమీటర్లు మొండిగా నడిపి ఉంటే ఇంజిన్ పై భాగమైన హెడ్ బెండ్ అయ్యి, లాత్‌కు పంపి ఫేసింగ్, అంటే చదును, చేయించి, దాని కింద సీల్‌లా ఉండే గ్యాస్కెట్ మార్పించి, వేలకు వేలు పోసేవాణ్ని.

అందుకే ఇది రాస్తున్నాను. మెకానిక్ అవ్వక్కర్లేదు. చేతులు, కళ్లు, ముక్కు, ఒక టార్చ్ లైటు ఉంటే సగం జబ్బు మీరే కనిపెట్టొచ్చు.

అన్నిటికంటే ముందు జాగ్రత్త

ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకండి. సగం కూలెంట్ సగం నీళ్లు కలిపిన మిశ్రమం మామూలుగా సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కానీ మూత బిగించి ఉంటే లోపలి ప్రెషర్ వల్ల 125 డిగ్రీల దాకా కూడా మరగదు. మూత తీసిన క్షణంలో ఆ ప్రెషర్ పోతుంది, లోపలి నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మీ ముఖం మీదికి చిమ్ముతుంది. ప్రెషర్ ఉండగానే కుక్కర్ మూత తెరిస్తే ఏమవుతుందో ఇదీ అంతే. కనీసం ముప్పావు గంట ఆగండి, పై పైపును పిసికి చూడండి, అది గట్టిగా బిగిసి ఉంటే ఇంకా ప్రెషర్ ఉన్నట్టే. మెత్తబడ్డాక మందపాటి గుడ్డ వేసి మూతను మెల్లగా తిప్పండి. ఇంకొకటి, బానెట్ ఎత్తి ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టేటప్పుడు తాళం తీసి జేబులో వేసుకోండి, చాలా కార్లలో ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ దానంతట అది తిరుగుతుంది.

ఎప్పుడు వేడెక్కుతోంది? ముందు ఇది గుర్తు తెచ్చుకోండి

షెడ్డులో ఎవరూ అడగని ప్రశ్న ఇది, కానీ నా లెక్కలో సగం సమాధానం ఇక్కడే ఉంటుంది.

ట్రాఫిక్‌లో, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డాష్‌బోర్డు మీద హీట్ చూపించే ముల్లు పైకి పోయి, హైవే ఎక్కగానే దిగిపోతోందా? అయితే గాలి సరిపోవడం లేదు. ఫ్యాన్ తిరగడం లేదు, లేదా రేడియేటర్ ముందు దుమ్ము పేరుకుంది. హైవే మీద గాలి దానంతట అది కొడుతుంది కాబట్టి అక్కడ సమస్య కనపడదు.

దీనికి పూర్తి విరుద్ధంగా, ఊళ్లో బాగానే ఉండి హైవే మీద వంద స్పీడులోనో, ఘాట్ ఎక్కేటప్పుడో వేడెక్కుతోందా? అప్పుడు నీటి ప్రవాహం సరిపోవడం లేదు. రేడియేటర్ లోపల సున్నం పట్టి ఉండొచ్చు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీటికి రేడియేటర్ దారి తెరిచే వాల్వు) సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, కింది పైపు లోపలికి అణిగిపోతూ ఉండొచ్చు, కూలెంట్‌ను తిప్పే వాటర్ పంప్ బలహీనపడి ఉండొచ్చు.

స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాల్లోనే ముల్లు ఎర్ర గీతకు పోతే థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు, లోపల నీళ్లే లేకపోవచ్చు, లేదా గాలి బుడగ ఇరుక్కుని ఉండొచ్చు. ముల్లు ఒకసారి పైకి ఒకసారి కిందికి ఊగుతుంటే నీళ్లు తక్కువై లోపల గాలి చేరిందని అనుకోవాలి. మరీ ప్రమాదం ఏంటంటే, ఎర్ర గీత దగ్గరున్న ముల్లు ఉన్నట్టుండి చల్లబడినట్టు కిందికి పడిపోవడం. చల్లబడలేదు, నీళ్లన్నీ పోయి, వేడి కొలిచే సెన్సర్ గాలిలో మిగిలింది. వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఇప్పుడు చాలా కార్లలో అసలు ముల్లే ఉండదు, చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. ఆ ఎర్ర లైటు వెలిగిందంటే పెట్రోల్ బంకు దాకా పోదాంలే అనుకోకండి.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు

రాత్రి కారు కింద పాత న్యూస్ పేపర్లు లేదా అట్టముక్క పరిచి పడుకోండి. తెల్లారి చూస్తే చుక్కలు ఎక్కడ పడ్డాయో తెలుస్తుంది, దాని పైనే కారుతోందని అర్థం (కింద అడ్డంగా ఉండే ఇనుప కమ్మీ, క్రాస్ మెంబర్ అంటారు, దాని మీద పడి పాకి వేరే చోట చుక్క పడడం కూడా ఉంది, అందుకే టార్చ్ వేసి పైదాకా చూడండి). ఏసీ వేసి నడిపి వచ్చాక ముందు సీటు కింద భాగం నుంచి కారే శుభ్రమైన నీళ్లతో కంగారు పడకండి, అది ఏసీ నీరు. కూలెంట్ అయితే సాధారణంగా ఆకుపచ్చగానో ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే జిడ్డుగా తగులుతుంది, తియ్యటి వాసన వస్తుంది. వాసన చూడండి కానీ రుచి చూడకండి, ఇందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. ఆ తీపికే కుక్కలు నాకి చచ్చిపోతుంటాయి, కాబట్టి కారిన చోట నీళ్లు కొట్టి కడిగేయండి, పాత కూలెంట్ మురుగు కాలవలో పారబోయకండి.

తర్వాత డబ్బాలో లెవెల్ చూడండి. మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. మార్కర్‌తో ఇవాళ్టి లెవెల్ దగ్గర ఓ గీత గీసి, తేదీ ఫోన్‌లో రాసుకోండి. రోజూ అదే వేళకు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి, వేడి మీద లెవెల్ పెరిగి కనిపిస్తుంది. నేను ఈ పని మొదట్లోనే చేసి ఉంటే "ఆవిరైపోతుంది" అన్న మాటకు తల ఊపేవాణ్నే కాదు.

డబ్బా నిండుగా ఉందని రేడియేటర్ కూడా నిండుగా ఉందనుకోకండి. రేడియేటర్ మీదే మూత ఉండే కార్లలో అది కూడా తీసి చూడండి, నీళ్లు అంచుదాకా ఉండాలి.

ఇప్పుడు పైపులు

రెండు పెద్ద పైపులు ఉంటాయి. పై పైపులో ఇంజిన్ నుంచి వేడి నీరు రేడియేటర్‌కు వస్తుంది, కింది పైపులో చల్లబడిన నీరు తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. ఇవి కాక ఇంజిన్ వెనక నుంచి క్యాబిన్‌లోకి పోయే రెండు సన్నటి హీటర్ పైపులు, ఇంకా అక్కడక్కడా పొట్టి బైపాస్ పైపులు ఉంటాయి. అందరూ పై పైపు చూసి వదిలేస్తారు, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. మాది పోయింది కింది పైపు.

బొటనవేలు, చూపుడు వేలు మధ్య పెట్టి పైపును మధ్యలో పిసకండి, తర్వాత క్లిప్పుకు పక్కనే, చివర రెండు అంగుళాల్లో పిసకండి. రెండు చోట్లా ఒకేలా ఉండాలి. మధ్యలో గట్టిగా ఉండి చివర మెత్తగా, లోపల ఏదో ఖాళీ ఉన్నట్టు తగిలితే ఆ పైపు అయిపోయినట్టే. ఇది బయటికి కనపడని జబ్బు. కూలెంట్‌కు, లోహానికి, రబ్బరుకు మధ్య జరిగే ఎలక్ట్రోకెమికల్ చర్య వల్ల రబ్బరు లోపలి వైపు నుంచి నిలువు పగుళ్లు వస్తాయి, పైన మాత్రం నున్నగా కొత్తదానిలా ఉంటుంది. ఒకరోజు ఎండలో, లోడు మీద, ప్రెషర్ ఎక్కినప్పుడు చీలుతుంది.

పిసికితే చిటపటమని చప్పుడొచ్చి, చెక్కలా గట్టిగా ఉంటే వేడికి ఎండిపోయింది. ఉబ్బి, జిగురుగా, స్పాంజిలా ఉంటే ఆయిల్ పడి నానింది. అలాంటప్పుడు పైపు ఒక్కటే మార్చి ఊరుకోకండి, పైన ఎక్కడ ఆయిల్ కారుతోందో అది కూడా చూడండి, లేకపోతే కొత్తది కూడా ఏడాదిలో అలాగే అవుతుంది. ఎక్కడైనా కోడిగుడ్డులా ఉబ్బు కనిపిస్తే లోపలి దారాల అల్లిక తెగింది, ఆ రోజే మార్చండి. బ్రాకెట్‌కో బెల్ట్ కవర్‌కో రాసుకుని మెరుస్తున్న చోట్లు, ఎలుక పళ్ల గాట్లు కూడా వెతకండి. కారు పది రోజులు కదలకుండా ఉంటే ఎలుకలు బానెట్ కింద కాపురం పెడతాయి, వైర్లతో పాటు సన్నటి పైపులనూ కొరుకుతాయి.

పైపు చివర్లో, క్లిప్పు చుట్టూ తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకున్నట్టు పొర ఉంటే అది కూలెంట్ కారి ఎండిన గుర్తు. మాదాన్లో ఉన్నది ఇదే, ఎవరూ వంగి చూడలేదు. ఇంకో తిరకాసు ఏంటంటే కొన్ని లీకులు చల్లగా ఉన్నప్పుడే కారతాయి, ఇంజిన్ వేడెక్కగానే అన్నీ వ్యాకోచించి బిగుసుకుని ఆగిపోతాయి. షెడ్డుకు వేడి మీద తీసుకెళ్తే వాళ్లకు ఏమీ కనపడదు. అందుకే కారును రాత్రే షెడ్డులో వదిలేసి, పొద్దున స్టార్ట్ చేయకముందే చూడమనండి.

క్లిప్పుల్లో రెండు రకాలు. స్క్రూ తిప్పి బిగించేవి, స్ప్రింగ్‌వి. స్ప్రింగ్‌ది రబ్బరు సాగినా కుంచించుకున్నా తనే సర్దుకుంటుంది. స్క్రూది వదులైతే బిగించాలి, కానీ బలమంతా పెట్టి బిగిస్తే రబ్బరును కోసేస్తుంది. రబ్బరు క్లిప్పు గాళ్లలోంచి పైకి పొడుచుకొస్తుంటే ఎక్కువైందని అర్థం. పైపు ఎక్కే ప్లాస్టిక్ మూతిని కూడా చూడండి. ఇప్పటి రేడియేటర్లకు పక్క ట్యాంకులు ప్లాస్టిక్‌వే, ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి సన్నటి గీతలా చిట్లుతాయి, ప్లాస్టిక్‌కూ అల్యూమినియంకూ అతుకు పెట్టిన అంచు వెంట కూడా చెమ్మ ఊరుతుంది.

పైపు అణిగిపోతే

బండి ఆపి గంటన్నర తర్వాత చూస్తే పై పైపు ఎవరో తొక్కినట్టు చప్పబడి ఉందా? పైపును తిట్టకండి, మూతను చూడండి. రేడియేటర్ మూతలో రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి ప్రెషర్ ఎక్కువైతే నీటిని డబ్బాలోకి వదులుతుంది, రెండోది చల్లబడ్డాక డబ్బాలోంచి నీటిని వెనక్కి పీల్చుకోనిస్తుంది. రెండోది ఇరుక్కుంటే లోపల వాక్యూమ్ ఏర్పడి పైపు అణుగుతుంది. డబ్బాకు పోయే సన్నటి ట్యూబు మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. మూత కింది రబ్బరు పగిలి ఉంటే, స్ప్రింగ్ తుప్పు పట్టి ఉంటే కొత్త మూత కొనండి. అయితే పాత మూత మీద ఉన్న అంకె, 0.9 అనో 1.1 అనో ఉంటుంది, అదే ఉన్నది తీసుకోవాలి. ఎక్కువ అంకె ఉన్నది వేస్తే మంచిదని షాపులో అన్నా వినకండి, ఆ అదనపు ప్రెషర్ అంతా పాత పైపుల మీద పడుతుంది.

కింది పైపు మాత్రం ఇంజిన్ రేస్ చేసినప్పుడు అణుగుతుంటే కథ వేరు. అది పంప్ పీల్చే వైపు. రబ్బరు మెత్తబడింది, లేదా రేడియేటర్ మూసుకుపోయి పంప్‌కు నీరు అందడం లేదు. కొన్ని కార్లలో ఈ పైపు లోపల అణగకుండా స్ప్రింగ్ చుట్ట ఉంటుంది, కొత్త పైపు వేసేటప్పుడు దాన్ని తీసి అవతల పడేసి మర్చిపోతుంటారు.

స్టార్ట్ చేసి చూడాల్సినవి

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి పై పైపు మీద చెయ్యి పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడి కూడా ఎక్కకముందే పైపు రాయిలా బిగుసుకుంటే అది నీటి ప్రెషర్ కాదు, సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి వస్తోంది, హెడ్ గ్యాస్కెట్ పోయింది. మూత తీసి స్టార్ట్ చేస్తే (చల్లగా ఉన్నప్పుడు మాత్రమే) బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా తెల్లటి పొగ, తియ్యటి వాసన, డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు ఎక్కువైన టీలా ఉండడం కూడా దీని గుర్తులే. చలికాలం పొద్దున సైలెన్సర్‌లోంచి నాలుగు చుక్కల నీళ్లు, కాస్త ఆవిరి రావడం మామూలే, భయపడొద్దు. రూఢి చేసుకోవాలంటే రేడియేటర్ మూతి మీద నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టి చూసే పరీక్ష ఉంది, పెట్రోల్ కారులో గ్యాస్ తగిలితే నీలం పసుపుగా మారుతుంది. హెడ్ విప్పుతాం అంటే ముందు ఆ పరీక్ష చేయమని అడగండి.

పైపు అలా బిగుసుకోకపోతే ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, నడవనివ్వండి. థర్మోస్టాట్ దాదాపు 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది, అప్పటిదాకా గోరువెచ్చగా ఉన్న పై పైపు ఒక్కసారిగా వేడెక్కుతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది, వాటిలో పై పైపు ముందే వేడెక్కుతుంది, కాబట్టి కింది పైపు వేడెక్కే క్షణం చూడాలి. ముల్లు పైకి పోతున్నా ఒక పైపు చల్లగానే ఉండిపోతే థర్మోస్టాట్ తెరుచుకోలేదు, లేదా రేడియేటర్ మూసుకుపోయింది. చేత్తో ముట్టుకోవడం భయమైతే ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడండి, రేడియేటర్ మీద అక్కడక్కడా పెట్టి చూస్తే చల్లగా ఉన్న చోట్లే మూసుకుపోయిన ట్యూబులు. కరోనా రోజుల్లో నుదుటి దగ్గర పెట్టి చూసిన గన్ దీనికి పనికిరాదు, అది మనిషి జ్వరం వరకే చూపిస్తుంది.

ఇక్కడ ఒక మాట. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, తీసేస్తే హీట్ ఎక్కదు" అని పీకేసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. దయచేసి ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, మైలేజ్ పడిపోతుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారి తెరిచే ఉండిపోయి సగం నీరు రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వచ్చేస్తుంది, అప్పుడు ఇంకా వేడెక్కుతుంది. పాడైతే కొత్తది వేయించండి.

ఫ్యాన్ చూడడం తేలిక. ఐడిల్‌లో ఏసీ వేయండి, ఎక్కువ కార్లలో కొద్ది సెకన్లలోనే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాతే మోటారు. ఫ్యాన్ బాగుంటే ఏసీ కండెన్సర్‌కూ (రేడియేటర్ ముందు ఉండే ఏసీ జాలీ) రేడియేటర్‌కూ మధ్య సందులో టార్చ్ వేయండి. వరికోతల సీజన్‌లో ఊళ్ల మీదుగా తిరిగే కార్లలో అక్కడ గడ్డి, పొట్టు, పురుగులు పరుపులా పేరుకుని ఉంటాయి. మామూలు ట్యూబుతో నీళ్లు కొట్టండి, వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రెక్కలు వంగిపోతాయి.

వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీల్ పోతే అక్కడి నుంచి కారుతుంది. ఆ చుట్టూ రంగు చారలుంటే, పుల్లీ దగ్గర కీచుమని శబ్దం వస్తుంటే పంప్ మార్చాలి. ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా, జిగటగా ఉండి, అద్దం మీద పొగమంచులా పట్టి, కారు లోపల తియ్యటి వాసన వస్తుంటే హీటర్ కోర్, అంటే క్యాబిన్‌కు వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్, కారుతోంది.

ఇవన్నీ చూసినా దొరక్కపోతే ప్రెషర్ టెస్ట్ చేయించండి. మూత స్థానంలో చేతి పంపు బిగించి మూత మీద ఉన్న అంకె దాకా గాలి కొట్టి ఓ పది పదిహేను నిమిషాలు ఆగుతారు. ఆ పంపు మీది ప్రెషర్ ముల్లు పడిపోతే ఎక్కడో లీకు ఉన్నట్టే, బయట చుక్క కనపడకపోతే లోపలికి పోతున్నట్టు.

దారిలో అయితే

ముల్లు పెరుగుతుంటే ఏసీ ఆపేసి, హీటర్ ఫుల్లు పెట్టి బ్లోయర్ తిప్పండి, అద్దాలు దించండి. మే నెలలో నరకంలా ఉంటుంది కానీ హీటర్ కూడా ఓ చిన్న రేడియేటరే, కొంత వేడి లాగేస్తుంది. ఎడమకు తీసి ఆపండి. ఆవిరి వస్తుంటే, ఎర్ర లైటు వెలిగితే ఇంజిన్ వెంటనే ఆపాలి. ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకండి, హెడ్ చిట్లొచ్చు.

చల్లారాక చూస్తే పైపు చివర చీలి ఉంటే, పొడవు సరిపోయే పక్షంలో చీలిన ముక్క కత్తితో నున్నగా కోసేసి, మిగతాది లాగి మూతి మీదికి ఎక్కించి క్లిప్పు బిగించండి. మమ్మల్ని ఆ రోజు శ్రీశైలం చేర్చింది ఇదే, ఓ లారీ డ్రైవర్ అన్న దిగి చేసి చూపించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. మధ్యలో చీలితే తుడిచి ఆరబెట్టి, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు సాగదీస్తూ చుట్టండి, మూతను పూర్తిగా బిగించకుండా మొదటి మెట్టు దగ్గరే వదిలేస్తే ప్రెషర్ ఎక్కదు. అప్పుడు నీరు త్వరగా మరుగుతుంది కాబట్టి నెమ్మదిగా, దగ్గరి షెడ్డు దాకా మాత్రమే. నేనిప్పుడు డిక్కీలో నాలుగు లీటర్ల నీళ్లు, స్క్రూడ్రైవర్, రెండు క్లిప్పులు, ఆ టేపు ఎప్పుడూ ఉంచుతాను.

మార్చాక నింపడం

ఒక పైపు పోయిందంటే రెండోది కూడా అదే వయసుది, రెండూ మార్చేయండి, క్లిప్పులతో సహా. ఐదేళ్లు దాటిన పైపులను ఏటా వేసవికి ముందు పిసికి చూడడం అలవాటు చేసుకోండి.

బోరు నీళ్లు పోయకండి. మన బోర్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, ఇంట్లో గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పెంకే రేడియేటర్ ట్యూబుల్లో పడుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం. రెడీ మిక్స్ డబ్బా అయితే నీళ్లు కలపకుండా నేరుగా పోయాలి. రంగు చూసి కొనకండి, రంగు కంపెనీ ఇష్టం, మాన్యువల్‌లో రాసిన రకమే కొనండి, రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు లోపల జెల్లీలా గడ్డకడుతుంది.

నింపేటప్పుడు గాలి ఇరుక్కోకుండా చూడాలి. హీటర్ ఫుల్లు వేడిలో పెట్టి, చల్లటి ఇంజిన్‌లో మెల్లగా పోసి, మూత తీసే ఉంచి ఐడిల్‌లో నడపండి, పై పైపును మధ్యమధ్యలో పిసుకుతుంటే బుడగలు వస్తాయి, లెవెల్ తగ్గుతుంది, మళ్లీ పోయండి. గాలి వదిలే స్క్రూ ఉన్న కార్లలో దాన్ని వదులు చేసి, బుడగలు లేకుండా ధార వచ్చాక బిగించాలి. థర్మోస్టాట్ తెరుచుకుని, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగే దాకా అక్కడే ఉండండి, నీళ్లు పొంగుతూ పైకి వస్తుంటే మాత్రం ముందే మూత పెట్టేయండి. హీటర్ నుంచి బాగా వేడి గాలి వస్తోందంటే కూలెంట్‌లో గాలి బుడగ ఇరుక్కుని లేనట్టే. తర్వాత మూడు రోజులు పొద్దున్నే లెవెల్ చూసి ఫోన్‌లో రాసుకోండి. మొదటి రోజు కాస్త తగ్గడం మామూలే, మిగిలిన గాలి బయటికి వస్తుంది. మూడో రోజు కూడా తగ్గితే క్లిప్పు దగ్గర వేలు పెట్టి చూడండి.